రెండో వైపు చివరి పాట

పాటలన్నీ పోయిన రోజున విశాఖపట్నంలో ఎవరూ ఏడవలేదు. సౌర తుఫాను తాకిడికి భూకక్ష్యలోని స్మృతి భాండాగారాలు చెరిగిపోయాయని పొద్దున వార్తల్లో చెప్పారు. అంతవరకు రికార్డయిన సంగీతమంతా వాటిలోనే ఉండేది. మధ్యాహ్నానికల్లా ఇళ్లలోని స్వరయంత్రాలు ఎవరి మనసుకు నచ్చే పాటలు వాళ్లకు కొత్తగా అల్లి వినిపించాయి. జనం భోంచేసి పనుల్లో పడ్డారు.

మేదిని మాత్రం బడికి వెళ్లి, పాఠం చెప్పకుండానే తిరిగొచ్చేసింది.

ఆమె భర్త విహారి గాయకుడు. ఆయన చేసిన ‘రేవులో ఒక పగలు’ ఆల్బమ్‌ను ఒకప్పుడు ఊరూరా పాడుకున్నారు. అవి విడివిడి పాటలు కావు. ఒక సరంగు తెల్లవారి పడవ కడగడం మొదలు సాయంత్రం భార్య దగ్గర సెలవు తీసుకునేదాకా ఒకే కథగా సాగుతాయి. చివరి పాట పాడిన మర్నాడు విహారి ఆపరేషన్‌కు వెళ్లాడు. “చిన్నదేలే, సాయంత్రానికి లేచి కూర్చుంటా” అన్నాడు. లేవలేదు. అది చిన్నది కాదని ఆయనకు ముందే తెలుసా? మేదినిని తొలిచేసిన ప్రశ్న ఇదొక్కటే.

సరంగు చెప్పే ఆఖరి మాట “వెళ్లొస్తాను” అని రాసుకున్నాడు విహారి. పాడేటప్పుడు “వెళ్తాను” అన్నాడని ఎవరో చెప్పారు. అన్నాడంటే, తెలిసే అన్నాడు. ఆ పాట వినే ధైర్యం మేదినికి ఎన్నాళ్లయినా రాలేదు. వచ్చే ఏడు వింటాను, ఆపై ఏడు వింటాను అనుకుంటూ ఉండగానే పాటలు పోయాయి. విన్నవాళ్లను అడిగితే, “వెళ్తాను అని ఎవరైనా అంటారా మేడమ్, అశుభం కదా!” అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత భీమిలిలో టిఫిన్ తింటూ ఆమె గోడకేసి చూసింది. గడియారంగా మార్చిన గ్రామఫోన్ రికార్డు ఒకటి అక్కడ వేలాడుతోంది. సరదా కోసం అప్పట్లో విహారి ఆల్బమ్‌ను ఇలాంటి రికార్డులుగా కొన్ని అచ్చు వేయించారని ఆమెకు గుర్తే. ముళ్ల వెనక చీటీ మీద విహారి పేరు సగం కనబడుతోంది.

“టైమైతే కరెక్టుగానే సెప్తాది మేడమ్, పాటే రాదు” అని నవ్వాడు హోటల్ యజమాని అప్పలకొండ. సంగతి తెలిశాక తనే స్టూలెక్కి తీశాడు. “అట్టుకుపోండి. టైముదేముంది, ఆకలేస్తే జనాలే వొస్తారు.”

నాద పరిశోధనశాలలో డాక్టర్ కెజియా ఆ రికార్డును రెండు వేళ్లతో పట్టుకుంది. అక్కడి యంత్రం పేరు కాంతిముల్లు. పాతకాలపు ముల్లులా అది గాడిని గీకదు. లేజర్ కిరణంతో గాడి గోడల ఎగుడుదిగుళ్లను కొలిచి, వాటిని మళ్లీ శబ్దంగా మారుస్తుంది.

“మొదటి వైపు బాగుందమ్మా. గడియారం ముల్లు రెండో వైపు మధ్యలో రాసుకుంది. చివరి పాట ఉండేదక్కడే” అంది కెజియా.

“వస్తుందా?”

“చూద్దాం.”

పాటలు వరసగా వచ్చాయి. విహారి గొంతు విన్న క్షణం మేదిని కుర్చీ అంచు పట్టుకుంది. చివరి పాటలో అలల చప్పుడు తగ్గింది. ఆయన మాటను సాగదీస్తూ స్పష్టంగా పాడాడు: “వెళ్లొస్తాను.”

మేదిని చాలాసేపు ఏడ్చింది. తెలియదన్నమాట. తెలియకుండానే వెళ్లాడు. ఆ తర్వాత ఆమె కళ్లు రికార్డు మధ్యనున్న తెల్లటి గీతమీద పడ్డాయి.

“కాంతిముల్లూ, ఆ మాట గాడిలో ఉందా?” అని అడిగింది.

“మొదట ‘వెళ్’ ఉంది. చివర ‘తాను’ ఉంది” అంది యంత్రం. “మధ్యలో గాడి లేదు. నేను పూరించాను.”

“దేన్ని బట్టి?”

“కోట్ల తెలుగు గొంతులను బట్టి. గుమ్మం దాటేవారెవరూ ‘వెళ్తాను’ అనరు. తిరిగిరామని తెలిసినవారు కూడా.”

కెజియా తలదించుకుంది. “ఖాళీ నిడివిని బట్టి చెప్పలేవా?” అంది.

“సాగదీసి పాడారు. రెండు మాటలూ పడతాయి.”

“అయితే రెండోది వినిపించు” అంది మేదిని.

యంత్రం వినిపించింది. “వెళ్తాను.” అదే గొంతు. అదే శ్వాస. అతుకు ఎక్కడా తెలియలేదు.

“ఏది నిజం?”

“నాకు తెలియదు. మీకు ఏది కావాలో చెప్పండి, అది ఉంచుతాను.”

నిజం కోసమే వచ్చింది మేదిని. అయినా, “మొదటిది ఇంకోసారి పెట్టు” అంది చిన్నగా. అది అయ్యాక మళ్లీ అడిగింది.

“పోయిన పాటలు దొరికాయని తెలిసి లోకమంతా దీనికోసం ఎదురుచూస్తోందమ్మా. ఏ మాటతో విడుదల చేయమంటారు?” అంది కెజియా ఆమెను సాగనంపుతూ.

“ఆలోచించి చెప్తాను.”

ఏడాది దాటింది. ఆల్బమ్ విడుదల కాలేదు. ఏ మాట ఉంచాలో మేదిని ఇంకా చెప్పలేదు.