బోణీ రేటు

"మద్దిలపాలెం ముప్పయ్యే, ముప్పయ్యే" అని రోజారమణి ఫుట్‌బోర్డు మీద నిలబడి అరుస్తోంది.

పద్మనాభం సెంటర్లో తన మినీ బస్సు దిగి వచ్చాడు దేవీప్రసాద్. నిన్నటిదాకా టికెట్టు నలభై. పోటీ బస్సు సన్యాసిరాజుది. దానికి కొత్త కండక్టరు వచ్చిందని విన్నాడు గానీ, అది ఆయన కూతురు రోజారమణే అనుకోలేదు.

"ఏటమ్మా, డీజిలు మీ ఇంట్లో పిండుకుంటన్నారేటి?"

"మా డీజిలు గొడవ నీకెందుకు? ముందు నీ హారన్ సూసుకో. దగ్గుతంది."

జనం నవ్వారు. దేవీప్రసాద్‌కి కోపం రావాలి, రాలేదు. సాయంత్రానికి హారన్ మార్పించాడు.

ఆ రూట్లో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున్న బోణీ చేసినవాళ్ళు ఎంత ఇస్తే ఆ ట్రిప్పుకి అదే రేటు. బోణీ ఎప్పుడూ వంకాయల చిట్టమ్మదే. ఆమె చెయ్యి మంచిదని నమ్మకం. ఆడవాళ్ళకి ఆర్టీసీ ఫ్రీ అయ్యాక ఈ రెండు బస్సులకీ మిగిలింది మగవాళ్ళు, గంపలవాళ్ళు. ఆర్టీసీ బస్సులో మనిషికే చోటు దొరకదు, గంపకెక్కడిది.

చిట్టమ్మ రెండు బస్సుల మధ్యా గంప దించేది.

"ఆ పిల్ల ఇరవయ్యైదంటంది. నువ్వేటంటావు ప్రసాదూ?"

"ఇరవై."

"అమ్మీ, ఇరవయ్యంట."

"పద్దెనిమిది" అనేది రోజారమణి, అతని వంకే చూస్తూ.

ఆ చూపుకి ఇతను ఇంకాస్త దిగేవాడు. పోటీకి తగ్గిస్తున్నాడో, ఆమె మళ్ళీ ఇటు తిరుగుతుందని తగ్గిస్తున్నాడో, అతనికే తెలీదు.

ఓ రోజు వాన పట్టుకుంది. ఇద్దరూ టీ కొట్టు రేకు కింద చేరారు.

"ఈ రేట్లకి గిట్టక నాన్న బస్సు అమ్మేత్తాడంట" అంది రోజారమణి. "నాను పరవాడ మందుల కంపెనీకి పోతాను. ఇంక నీ హారన్ నువ్వే ఇనుకో."

నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం తడుస్తున్న బస్సు మీదే ఉన్నాయి. దేవీప్రసాద్‌కి టీ చేదుగా తగిలింది.

మర్నాడు చిట్టమ్మ అడిగితే "నలభై అయిదు" అన్నాడు.

"మతి పోయిందేట్రా?"

"అదే రేటు పిన్నీ. ఇష్టమైతే ఎక్కు."

ఇటు అంత రేటైతే అటు ముప్పయ్యైదు కూడా చవకే. జనమంతా సన్యాసిరాజు బస్సెక్కారు. వారమంతా దేవీప్రసాద్ ఖాళీ సీట్లు తిప్పాడు.

రోజారమణికి విషయం అర్థమైంది. నేరుగా వచ్చి అతని బస్సు తలుపు మీద చరిచింది.

"దానం సేత్తన్నావా?"

"నా బస్సు, నా రేటు."

"రేపు నీ బస్సూ అమ్ముడైపోతే నానెవరితో పోట్లాడాలి?"

"పరవాడలో ఎవరూ దొరకరేటి?"

"దొరుకుతారు. నీ అంత తిక్కోళ్ళు దొరకరు" అని వెళ్ళిపోయింది.

తెల్లారి దేవీప్రసాద్ బస్సు తుడుచుకుంటుంటే, రోజారమణి చిట్టమ్మకన్నా ముందే వచ్చి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. నలభై చేతిలో పెట్టింది.

"బోణీ నాది. రేటు ఇదే."

"మరి మీ బస్సులో?"

"అక్కడా ఇదే. ఒకటి ఎల్లాక అరగంటకి రెండోది. గంపలకి టికెట్టు లేదు. నాన్న ఒప్పుకున్నాడు."

సన్యాసిరాజు కిటికీ దగ్గరకొచ్చాడు. "ఒప్పుకోకపోతే ఇది అన్నం ముట్టలేదు బాబూ. బస్సు అమ్మట్లేదు. ఈ ట్రిప్పుకి టికెట్లు నానే కొట్టుకుంటాను." వెనక్కి తిరగబోతూ అన్నాడు, "ఆదివారం మీ అమ్మని ఇంటికి రమ్మను."

చిట్టమ్మ గంప ఎక్కిస్తూ సణిగింది. "నా బోణీ లాగేసుకున్నావే అమ్మీ. సరేలే, నీ చెయ్యీ మంచిదే."

దేవీప్రసాద్ నోట్లు కళ్ళకద్దుకుని, మెల్లిగా అడిగాడు. "ఈ బోణీ ఈ ఒక్క ట్రిప్పుకేనా?"

"ముందు బండి తియ్యి. జనం సూత్తన్నారు" అంది రోజారమణి, అద్దంలో అతన్నే చూస్తూ.

ఎదర రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా అతను హారన్ కొట్టాడు.