మూడో కప్పు దాకా

“మనిషిని చంపక్కర్లేదు,” అన్నాడు కర్నల్ అస్రాత్. “కాఫీ తాగించు, చాలు.”

ఏజెంట్ దెజెనె నవ్వలేదు. కర్నల్ తమాషాకి కూడా తమాషా చెయ్యని మనిషి. బల్ల మీద ఒక ఫొటో పడింది. నెరిసిన గడ్డం, నీలం సూటు, అలసిన చిరునవ్వు.

“ముసొండా చిలేషె. జాంబియా రాయబారి. జెనీవా, న్యూయార్క్, నైరోబీ, పదకొండేళ్ళుగా మన అడిస్ అబాబా. ఆఫ్రికా దేశాల ఖనిజ మండలిలో అందరికంటే సీనియర్. త్వరలో రిటైరవుతున్నాడు. వెళ్ళేలోపు నాలుగు రాళ్ళు వెనకేసుకుంటున్నాడు.”

“ఎవరిస్తున్నారు?”

“విదేశీ ముఠా. మిగతాది సోస్నా చెబుతుంది.”

సోస్నా మండలి అధ్యక్షుడి సెక్రటరీ. మండలిలో గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి కళ్ళూ చెవులూ ఆవిడే. ఆ పసుపుపచ్చ గౌనులో కిటికీ దగ్గర నిలబడితే కర్నల్ అంతటివాడు ఫైలు తలకిందులుగా పట్టుకున్నాడు.

“రేపు కోబాల్టు ఒప్పందం మౌనంతో పాసవుతుంది, దెజీ. ఓటింగ్ ఉండదు. ముసాయిదా అందరికీ వెళ్ళింది. మధ్యాహ్నం పన్నెండులోపు ఏ రాయబారీ స్వయంగా వచ్చి కాదనకపోతే అయిపోయినట్టే. వచ్చేవాడు చిలేషె ఒక్కడే. ఆఫ్రికాకి మేలు చేసే ఒప్పందాన్ని అమ్ముకుంటున్నాడు.”

“అసలు ఒప్పందంలో ఏముంది?”

“నువ్వు ఏజెంటువి, లాయరువి కాదు,” అన్నాడు కర్నల్. దెజెనె తలూపాడు. ఆ తలూపడం తల్చుకుంటే అతనికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పథకం మాత్రం దెజెనెదే. మర్యాదస్థుణ్ణి కట్టెయ్యడానికి తాళ్ళెందుకు? అడిస్‌లో ఇంటికి పిలిచి కాఫీ పెడితే మూడుసార్లు పోస్తారు. మూడోది బరకా, దీవెన. అది తాగకుండా లేస్తే ఆ ఇంటి ఆడమనిషి మొహాన కొట్టినట్టే. డిపార్ట్‌మెంట్‌కి ఇలాంటి పనులకి రహస్యపు ఇళ్ళు బోలెడున్నాయి, కానీ ముసలాయనది అనుమానపు బుర్ర. అందుకని దెజెనె మర్నాడు పొద్దున్న ఏకంగా తన తల్లి ఇంటికే పిలిచాడు. ఇల్లు మండలి భవనానికి దగ్గర కాబట్టి రాయబారి సరేనన్నాడు.

తల్లి ఇటెనెష్ దృష్టిలో కొడుకు యూనివర్సిటీ లెక్చరర్. రాయబారికీ అదే వేషం. అంతర్జాతీయ సంస్థల్లో పనిచేసిన ఆఫ్రికా దౌత్యవేత్తల మీద పుస్తకం రాస్తున్నానని చెప్పాడు. కళ్ళజోడు కాడలో సోస్నాతో మాట్లాడే రేడియో ఉంది. జేబులో పెన్ను మూత తిప్పితే ఆ ఇంట్లో ఏ ఫోనూ మోగదు.

నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, ఇటెనెష్ కుంపటి ముందు కూర్చుంది. బొగ్గులు అంటుకోవడం లేదు. పొగకి ఆవిడ కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

“ఏమనుకోకండయ్యా. నా కుంపటి ఎన్నడూ ఇలా పరువు తియ్యలేదు.”

“తొందరేముందమ్మా. మా అమ్మ పొయ్యీ ఇంతే, చుట్టాలొస్తే అలిగేది,” అన్నాడు చిలేషె.

బొగ్గులు తడిపింది కొడుకు. అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

మొదటి కప్పు అందుకుంటూ చిలేషె చెప్పుకొచ్చాడు. “రాసుకోండి లెక్చరరు గారూ. జెనీవాలో నా మొదటి పని బల్లల మీద దేశాల పేర్ల పలకలు సర్దడం. మా నాన్న లువాంష్యలో రాగి గనిలో దిగేవాడు. ‘అంత దూరం పోయి ఏం చేస్తావురా’ అన్నాడు. ‘మన దేశం పేరు కింద పడకుండా చూస్తా నాన్నా’ అన్నాను. ఇప్పటికీ ఆ పనే.”

“తర్వాత?”

“తర్వాత పలక వెనకాల కూర్చోనిచ్చారు. పెద్ద దేశాలవాళ్ళు బయట వరండాలో అంతా తేల్చుకుని లోపలికొచ్చి మాకు చెప్పేవారు. ఆ వరండాలో నిలబడ్డం నేర్చుకునేసరికి జుట్టు నెరిసింది.”

“ఎప్పుడైనా మౌనం వీడారా సార్?”

“ఒక్కసారీ లేదు. వీడాల్సినవి లేక కాదు. మా వాళ్ళు వద్దనేవారు. ఇవాళ అడగదల్చుకోలేదు. ముందుగా నోరు విప్పితే మా రాజధానికి ఫోన్లు పోతాయి, సాయంత్రానికి నన్ను వెనక్కి పిలిపిస్తారు. అందుకే ఆఖరి నిమిషానికి వెళ్తాను. ఈ తల్లి చేతి కాఫీ తాగుతూ మీ దగ్గర దాపరికమెందుకు?”

దెజెనె లోపల లోపల మురిసిపోయాడు. దొంగ తన నోటితోనే ఒప్పుకున్నాడు కదా అని.

రెండో కప్పు పోస్తుండగా చెవిలో గరగరమంది. సోస్నా మైకు కట్టెయ్యడం మర్చిపోయింది. పక్కన ఎవరితోనో నవ్వుతోంది.

“ముసలాడు ఇరుక్కున్నాడు. ఇక కోబాల్టు మొత్తం మీ కంపెనీదే. ఈ ఆఫ్రికావాళ్ళకి మట్టి మిగులుతుంది. దెజెనెనా? వాడో ఒట్టి మాలోకం. కన్నతల్లిని ఎరగా పెట్టాడు. అదీ నేను అడక్కుండానే.”

దెజెనెకి తల కొట్టేసినట్టయింది.

“సార్, మీరు బయల్దేరండి. టైమవుతోంది.”

చిలేషె వాచీ చూసుకున్నాడు. “కారులో ఐదు నిమిషాలేగా. బరకా తాగకుండా ఎలా?”

“వాడికి మర్యాద తెలీదు,” అంది ఇటెనెష్. “కూర్చోండయ్యా. నీళ్ళు మరుగుతున్నాయి.”

వల బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వేసినవాడు తీద్దామన్నా ఊడటం లేదు. దెజెనె కళ్ళజోడు తీసి కింద పెట్టాడు.

“అమ్మా, నేను లెక్చరర్ని కాదు. గూఢచారిని. ఈయన్ని ఇక్కడ ఆపడానికే పిలిచాను. బొగ్గులు తడిపింది నేను. ఈయన కారు టైర్లలో గాలి తీసిందీ నేనే. ఈయన మంచివాడు. నేనే తప్పు పక్షాన ఉన్నాను.”

ఇటెనెష్ కాఫీకూజా కింద పెట్టింది.

“ఈ పాపం నా చేతులతో చేయించావన్నమాట,” అంది. తర్వాత అతిథి వైపు తిరిగింది. “లేవండయ్యా. ఈ ఇంట్లో ఇవాళ మూడో కప్పు లేదు.”

ఇంటావిడే పోయనన్నాక అతిథికి తప్పులేదు. చిలేషె లేచాడు. బయట కారు నాలుగు చక్రాలూ నేలని కరుచుకుని ఉన్నాయి. దారంతా ఎత్తు. మలుపు తిరగ్గానే ముసలాయనకి ఆయాసం వచ్చింది. దెజెనె వంగాడు.

“ఎక్కండి సార్.”

“నాయనా, నేను రాయబారిని.”

“నేను గాడిదని. ఎక్కండి.”

మండలి హాల్లో అధ్యక్షుడు చెక్కసుత్తి ఎత్తాడు. పక్కన సోస్నా చదువుతోంది. “అభ్యంతరాలేవీ రానందువల్ల...”

“జాంబియా మౌనం వీడుతోంది,” అన్నాడు చిలేషె, దెజెనె వీపు మీంచే. గోడ గడియారం పన్నెండు కొట్టడం అప్పుడే మొదలైంది.

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. సోస్నా జారుకుందామని వెనక తలుపు తీసేసరికి అక్కడ కర్నల్ నిలబడి ఉన్నాడు. ఆ మైకు ఆయన చెవిలోనూ పలికింది. ఆయనా తలెత్తుకునేలా లేడు.

చిలేషె కిందికి దిగి కోటు సర్దుకున్నాడు.

“నన్ను డబ్బుతో ఆపబోయారు, బెదిరించి ఆపబోయారు,” అన్నాడు ముసలాయన నెమ్మదిగా. “అవన్నీ నాకు అలవాటే. అమ్మ కాఫీతో ఆపబోయింది మాత్రం మీరే. దానికి కాస్త బాధగా ఉంది.”

ఆయన రిటైరయ్యేదాకా రక్షణ బాధ్యత డిపార్ట్‌మెంట్ దెజెనెకే అప్పగించింది. ఆ ఆదివారం రాయబారికి ఒక ఇంటి నుంచి కాఫీకి పిలుపొచ్చింది. దెజెనె కారు ఆపి, తలుపు తీసి, గేటు బయటే నిలబడ్డాడు. లోపల తల్లి నవ్వు వినిపిస్తోంది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

“ఏం దెజెనె, లోపలెవరు?”

“అమ్మకి అతిథి.”

“మరి నువ్వెవరు, బయట నిలబడ్డావు?”

ఆ ప్రశ్నకి పనికొచ్చే కోడ్ వర్డ్ ఒక్కటి కూడా డిపార్ట్‌మెంట్ అతనికి ఇవ్వలేదు.