వానకి జీతం లేదు

సోమవారం ఉదయం ఏడూ నలభైకి మట్టి తవ్వే మిషన్ ఆగింది. దాని ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. తలమీద హెల్మెట్, చేతిలో తాపీ.

ఆపరేటర్ క్యాబిన్‌లోంచి తల బయట పెట్టాడు.

"మేడమ్, చావాలనుంటే పక్క సైట్‌కి వెళ్ళండి. అక్కడి మిషన్ ఇంకా పెద్దది."

"బకెట్ మార్చండి. దీనికి పళ్ళున్నాయి. నాకు పళ్ళు లేనిది కావాలి."

"పళ్ళు లేకుండా పని చెయ్యాలంటే మా తాతని పిలవాలి."

"ఆయన నెమ్మదస్తుడైతే పిలవండి."

అక్కడ ఆసుపత్రికి కొత్త భవనం కడుతున్నారు. పునాది తియ్యకముందు పైమట్టిని ఆర్కియాలజిస్ట్ కళ్ళముందే తియ్యాలని రూలు. ఆమె పని బకెట్ ముందు నడవడం. మిషన్ ఒక్కో విడతకి నాలుగు వేళ్ళ మందం మట్టి గీకుతుంది. మట్టి రంగు మారితే కింద పాతకాలపు ఆనవాలేదో ఉన్నట్టు. అప్పుడు ఆమె చెయ్యెత్తుతుంది. బకెట్ ఆగాలి. పళ్ళున్న బకెట్ నేలంతా చాళ్ళు చేస్తుంది, రంగు కనపడదు.

బకెట్ మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అతను గొణుగుతూనే ఉన్నాడు.

బుధవారం ఆమె చెయ్యెత్తింది. అతనికేమీ కనపడలేదు. ఆమె మోకాళ్ళమీద కూర్చుని తాపీతో గీకింది. నల్లటి వలయం తేలింది. చుట్టూ కాలిన మట్టి.

"పొయ్యి," అంది.

"ఎవరిది?"

"తెలీదు. ఎవరో ఇక్కడ వండుకుతిన్నారు. తర్వాత దీన్ని చూసింది మనిద్దరమే."

అతను ఇంజన్ ఆపి దిగి వచ్చాడు. చాలాసేపు చూశాడు. ఆ రోజు నుంచి గొణగడం మానేశాడు.

శుక్రవారానికి ఆమెకి ఇంకో సంగతి అర్థమైంది.

"ముందుకి చూసి నడపండి," అంది.

"ముందుకే చూస్తున్నానండి. ముందు మీరున్నారు."

మరుసటి మంగళవారం ఉదయం తొమ్మిదికి వాన పట్టుకుంది. ఇద్దరూ రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. అతను ఫ్లాస్క్ మూతలో టీ పోసి ఆమెకిచ్చాడు. ఆమె వాచీ చూసుకుంది. ఐదు నిమిషాలకి మళ్ళీ చూసుకుంది.

"వాన పడితే అమ్మాయిలు కిటికీలోంచి చెయ్యి బయట పెడతారని విన్నాను. మీరేంటి, వాచీ చూస్తున్నారు?"

"పదిన్నరలోపు తగ్గకపోతే నాకీ రోజు పోయినట్టే. వానకి జీతం లేదు."

"నాకుందే."

"మీరు మిషన్‌తో వచ్చారు. నేను తాపీతో వచ్చాను."

ఎంతిస్తారని అడిగాడు. చెప్పింది.

"పూటకా?"

"రోజుకి."

అది తనకి వచ్చేదానిలో సగం కూడా లేదన్నాడు.

"మీరేం చదివారు?"

"రెండు డిగ్రీలు. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. కాగితం మీద ఇంకా ట్రైనీనే."

"నా మిషన్ కొని ఏడేళ్ళండీ. దాన్నే అందరూ ముసలిదంటున్నారు."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"పోయినేడు మ్యూజియంలో ఒక పోస్టు పడింది. ఒకే ఒక్కటి. రెండొందల మందిమి అప్లై చేశాం. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నేంటో తెలుసా? మీకీ పని మీద ప్రేమ ఉంది కదా, అని. జీతం తక్కువని చెప్పేముందు ఎవరైనా అదే అడుగుతారు."

పదిన్నరకి వాన తగ్గలేదు. సైట్ ఇంజనీర్ రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు వేశాడు. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆపరేటర్ నేరుగా ఇంజనీర్ దగ్గరికి వెళ్ళాడు. ఆమెకిచ్చే జీతమెంతో చెప్పి, ఇదేం న్యాయమని నిలదీశాడు. ఇంజనీర్ ఆ మాట ఆమెని పంపిన కంపెనీ చెవిన వేశాడు.

బుధవారం ఉదయం ఏడింటికి కంపెనీ మేనేజర్ ఆమెకి ఫోన్ చేశాడు. పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేసినవాడు. అందరూ డాక్టరుగారంటారు.

"జీతం సంగతి బయట మాట్లాడకూడదని కాంట్రాక్టులో ఉంది కదమ్మా. నిన్ను ఇంటిమనిషిలా చూసుకున్నాం."

"మీ ఇంట్లో వాన పడితే అన్నం పెట్టరా సార్?"

ఇక రావొద్దని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆరింటికి ఆపరేటర్, రిజిస్టర్‌లో అడ్రసు చూసుకుని వచ్చి, ఆమె ఇంటి తలుపు కొట్టాడు. లోపల ఆమె తల్లి బట్టలు కుడుతోంది. తల్లీకూతుళ్ళిద్దరే ఆ ఇంట్లో.

"మీ తాపీ. షెడ్డులో మర్చిపోయారు."

"నా ఉద్యోగం కూడా తెచ్చారా?"

"తప్పు నాదే."

"నా జీతం గురించి మాట్లాడటానికి అసలు మీరెవరండీ?"

"అదే నాకూ తెలీడం లేదు. మీరు చెప్తే ఆ హోదాలోనే మాట్లాడతాను."

ఆమె తాపీ తీసుకుని తలుపేసింది. కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"ఎవరే ఆ అబ్బాయి?"

"మిషన్ ఆపరేటర్."

"ఎంతొస్తుందట?"

"నాకొచ్చేదానికి రెండింతల పైనే."

"చదువుకున్నది నువ్వు కదే?"

"అతనూ అదే అడిగాడు. అందుకే ఉద్యోగం పోయింది."

తల్లి సూదిలోంచి దారం తీసి మళ్ళీ ఎక్కించింది.

"తొమ్మిదేళ్ళలో నేనొక్కసారీ అడగలేదు," అంది.

గురువారం డాక్టరుగారు స్వయంగా సైట్‌కి వచ్చాడు. ఆర్కియాలజిస్ట్ లేకుండా తవ్వడానికి లేదు మరి. ఆయన గోతిలో దిగి పదేళ్ళయింది. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని బకెట్ ముందు నిలబడ్డాడు.

"చెయ్యెత్తితే ఆపాలి. అంతే కదా సార్?"

"అంతే, కానివ్వు."

డాక్టరుగారికి ఫోన్‌లో మాట్లాడుతూ చేతులు తిప్పే అలవాటుంది. ఎనిమిదీ ఐదుకి కుడిచెయ్యి పైకి లేచింది. బకెట్ ఆగింది. ఆపరేటర్ ఇంజన్ ఆపి, దిగి, నేలంతా పరీక్షగా చూశాడు.

"ఏం కనపడింది సార్?"

"ఏమీ లేదయ్యా, ఫోన్‌లో ఉన్నాను."

"మీరు చెయ్యెత్తారు."

పదకొండు గంటలకి ఇలా పదిహేడుసార్లయింది. లెక్క సైట్ ఇంజనీర్ పుస్తకంలో ఉంది. తీసిన మట్టి ఆరు మీటర్ల పొడవు. ఆమె ఉన్నప్పుడు ఆపాటికి అరవై అయ్యేది.

"ఏమయ్యా, ఎగతాళిగా ఉందా?" అన్నాడు ఇంజనీర్.

"రూలు సార్. చెయ్యెత్తినా ఆపొద్దని రాసి సంతకం పెట్టండి, ఆపను."

సంతకం ఎవరూ పెట్టలేదు.

పదకొండూ ఇరవైకి ఎవరూ చెయ్యెత్తకుండానే బకెట్ ఆగింది. డాక్టరుగారు అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆపరేటర్ దిగి ఆయన భుజం తట్టి నేల చూపించాడు. నల్లటి వలయం, చుట్టూ కాలిన మట్టి.

"పొయ్యి సార్. మీరు చూడలేదు. నేను చూశాను. నేను పదిరోజుల ట్రైనీని."

ఈసారి ఆమెకి ఫోన్ చేసింది ఇంజనీరే. ఆమె మూడు మాటలు చెప్పింది. ట్రైనీ అన్న మాట కొట్టెయ్యాలి. జీతం ఆపరేటర్‌తో సమానం కావాలి. వానరోజు కూడా పనిరోజే. మూడూ కాగితం మీద ఉంటేనే వస్తానంది.

సాయంత్రం నాలుగింటికి సైట్ ఆఫీసులో డాక్టరుగారు సంతకం పెట్టాడు.

"నీకీ పని మీద ప్రేమ ఉందనుకున్నానమ్మా."

"ఉంది సార్. దాన్ని మీరు జీతంలో కోసుకుంటున్నారు."

ఆమె కాగితం రెండుసార్లు చదివి బయటికొచ్చింది. ఆపరేటర్ మిషన్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నిన్న ఏదో హోదా అడిగారు," అంది.

"అడిగాను. మీరు తలుపేశారు."

"ఆదివారం మా అమ్మ మిమ్మల్ని రమ్మంది. కొలతలు తీసుకోవాలట."

"దేనికి?"

"చొక్కాకి. కాబోయే అల్లుడు గ్రీజు మరకతో తిరిగితే తన పనికి చెడ్డపేరట."

అతను చొక్కా చూసుకున్నాడు. మరక ఉంది.

"మీరేమన్నారు?"

"పొడుగు చేతులు పెట్టమన్నాను."

శుక్రవారం ఉదయం ఎనిమిదికి వాన మొదలైంది. పని ఆగింది. ఇద్దరూ రేకుల షెడ్డులో కూర్చున్నారు. ఆమె వాచీ చూడలేదు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టింది. పదిన్నరకి సైట్ ఇంజనీర్ రిజిస్టర్ తెరిచి, ఆమె పేరు ఎదురుగా హాజరు వేశాడు.