ఒకే గుంపులో రెండు కట్టలు

కరెంటు మీటరు చూసేవాడైనా నెలకోసారే వస్తాడు, జ్ఞానమ్మ గారింటికి మాత్రం ఆ తెనాలి కుర్రాడు ఆదివారం ఆదివారం రైలు దిగుతున్నాడని పక్కింటి కమలమ్మ అన్నదట. అన్నది చేపలమ్మే ఆవిడతో. ఆవిడ నిజాంపట్నం చేపలతో పాటు ఆ మాటని కూడా రేపల్లె వీధులన్నీ తిప్పింది. ఇంతకీ వచ్చి ఏం చేస్తాడని ఎవరో అడిగితే, "పెద్దావిడ పక్కన కూర్చుని టాబ్ చూస్తాడు. మనవరాలు కాఫీ ఇస్తుంది. మళ్ళీ టాబ్ చూస్తాడు" అన్నదట.

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ కుర్రాడు వినయ్ కుమార్‌కి అదే ఇబ్బంది.

వినయ్ తెనాలిలో ఓ చిన్న కంపెనీలో పనిచేస్తాడు. చదివింది గుర్తుండటానికి కార్డులు చూపించే ఆప్ వాళ్ళది. కార్డుకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. మరిచిపోయిన కార్డు త్వరగా తిరిగొస్తుంది, గుర్తున్నది నిదానంగా వస్తుంది. ఆప్ పేరు 'నెమరు'.

పరిచయం ఫోన్లో, పోట్లాటతో మొదలైంది.

"నెమరు వాళ్ళేనా అండీ?"

"అవునండి, చెప్పండి."

"గేదెలకి పెట్టాల్సిన పేరు మనుషులకి పెట్టారు. సరే, పెట్టుకోండి. నేను రోజుకి నలభై కొత్త కార్డులు కావాలని పెడతాను. మర్నాడు పొద్దున చూస్తే ఐదుకి దిగిపోతోంది. నా పరీక్షతో ఆటలా మీకు?"

ఆ గొంతు జ్ఞానమ్మ మనవరాలు సుజనది. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, వ్యవసాయాధికారి ఉద్యోగం పరీక్షకి తయారవుతోంది.

"మీరే పొరపాటున ఎక్కడో నొక్కి ఉంటారండి."

"నేను నొక్కితే నాకు తెలీదా? వచ్చి చూడండి. రేపల్లె ఏమన్నా రష్యాలో ఉందా?"

ఇంకొకరైతే ఫోన్ పెట్టేసి టీ తాగేవాళ్ళు. వినయ్ ఆ ఆదివారమే పాసింజరెక్కాడు.

దిగేసరికి వాన. తడిసిన చొక్కాతో వరండా మెట్లెక్కితే, కుర్చీలో కూర్చున్న జ్ఞానమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. లూథరన్ బడిలో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించి రిటైరైన మనిషి ఆవిడ.

"ఇతనేనే ఆ నెమరు?" అంది మనవరాలితో.

"ఇతనే మామ్మా." సుజన తువ్వాలు తెచ్చి చేతికివ్వకుండా కుర్చీ మీద పెట్టింది. కోపం ఇంకా తగ్గలేదని తెలియాలిగా.

"మంచిపని చేశావు బాబూ, వచ్చి. ముందు నా బాధ విను. బైబిలు కీర్తనల్లో వచనాలు కంఠస్థం చేద్దామని రోజుకి ఐదు కార్డులు పెట్టుకుంటాను. మధ్యాహ్నం ఇది టాబ్ నా చేతికిచ్చేసరికి నలభై వచ్చి కూర్చుంటున్నాయి. పాస్టరు గారు కూడా ఇన్ని చదవమనలేదు. దేవుడి వాక్యం కదా, వద్దనలేక చదివి చస్తున్నాను. సాయంత్రం ఓపికైపోయి మళ్ళీ ఐదు పెడతాను."

వినయ్ ఆవిడ వంక చూశాడు. సుజన వంక చూశాడు. ఇంటికంతటికీ ఉన్న ఒక్క టాబ్ వంక చూశాడు.

"మామ్మగారూ, మీ కీర్తనల కార్డుల కట్టా, ఈవిడ పురుగులూ తెగుళ్ళ కట్టా ఒకే గుంపులో ఉన్నాయండి. ఒకదానికి సెట్టింగు మారిస్తే గుంపులో ఉన్న కట్టలన్నిటికీ మారుతుంది. పొద్దున ఈవిడ పెంచుతున్నారు, సాయంత్రం మీరు తగ్గిస్తున్నారు."

జ్ఞానమ్మ నవ్వింది, కుర్చీ కిర్రుమనేలా.

సుజన నవ్వలేదు. "ఆ సంగతి అక్కడెక్కడైనా రాసుందా?"

"గుంపు పేరు పైన కనిపిస్తుందండి. 'సాధారణం' అని."

"సాధారణం అంటే నాకేం తెలుస్తుంది? అందులో మా మామ్మ కూడా ఉందని చెప్పాలా వద్దా?"

ఆప్‌లో ఆ సెట్టింగుల తెర తయారుచేసింది వినయే. చేసినప్పుడు దాని చక్కదనం చూసుకుని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు తల తుడుచుకునే వంకతో మొహం తువ్వాల్లో దాచుకున్నాడు.

రెండు కట్టల్నీ రెండు గుంపులుగా విడదీసి, ఆ రోజే వాళ్ళ గొడవ తీర్చేశాడు. కానీ ఇలా తికమకపడేవాళ్ళు ఇంకెందరున్నారో! తెర మార్చి, ముందు వీళ్ళిద్దరికీ చూపిస్తానని ఆఫీసులో ఒప్పించాడు.

మరుసటి ఆదివారం, గుంపు పేరు కింద అందులో ఉన్న కట్టల పేర్లన్నీ కనిపించేలా చేసి తెచ్చాడు. ఆ పై ఆదివారం, మార్పు ఈ ఒక్క కట్టకా, గుంపు మొత్తానికా అని ముందే అడిగేలా చేశాడు.

"ఈ మీట మీద 'వర్తింపజేయు' ఏంటి బాబూ, కోర్టు నోటీసా?" అంది జ్ఞానమ్మ. "'అన్నిటికీ మార్చు' అని రాయి."

రాశాడు. తెర వారం వారం తేటపడింది. అక్కడే చిక్కొచ్చింది. అంతా తేటపడిపోతే రేపల్లె రావటానికి ఇంక పనేముంటుంది? ఓ వారం బాగున్న మీటనే మసకబార్చి తెచ్చాడు.

"ఇదేంటి, ఇంత వెలిసిపోయింది? పోయినవారం బాగానే ఉందిగా?" అంది సుజన.

"వెలుతుర్లో అలా కనిపిస్తుందండి."

సుజన వరండా చివరకెళ్ళి మబ్బుపట్టిన ఆకాశం వంక చూసింది. "అవునవును, ఎండ మండిపోతోంది" అని కాఫీకి లోపలికి వెళ్ళింది.

పరీక్ష బాపట్లలో పడింది. అది రాసి స్టేషన్‌కొచ్చిన సుజనకి, ప్లాట్‌ఫాం మీద గొడుగుతో వినయ్ కనిపించాడు.

"మీకేం పని ఇక్కడ?"

"ఒక క్లయింటు ఉన్నారండి."

"ఆదివారం పూటా?"

వినయ్ జవాబు వెతుక్కునేలోపు రైలొచ్చి కాపాడింది. ఎదురెదురుగా కూర్చున్నారు. కిటికీలోంచి జల్లు కొడుతున్నా ఇద్దరూ అద్దం దించలేదు.

"బాగా రాశాను. పురుగుల్లో ఒక్కటీ వదల్లేదు. ఇంక నాకు కార్డులతో పని లేదు" అంది సుజన, తెనాలి దగ్గరపడుతుండగా. అని ఆగింది. ఆ ఆగటంలో చాలా చోటుంది.

వినయ్ గుండె బరువంతా నాలిక మీదికి తెచ్చుకుని, "మామ్మగారి గుంపులో ఇంకో చిన్న సందేహం ఉందండి" అన్నాడు.

సుజన బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. "అయితే వచ్చి మామ్మనే అడగండి" అని తెనాలిలో దిగి, అతను ఇవ్వబోయిన గొడుగు అందుకోకుండా, వానలో తడుస్తూనే రేపల్లె రైలు వైపు నడిచింది.

వారం రోజులు వినయ్‌కి అన్నం సహించలేదు. ఈసారి చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడని తెలుసు. రేపల్లెలో దిగి ఇంటిదాకా మాటలు కూర్చుకుంటూ నడిచాడు. వరండాలో జ్ఞానమ్మని చూడగానే కూర్చుకున్నదంతా చెదిరిపోయింది.

సుజన కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి లోపలికి వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, పాదాల వంక చూసుకుంటూ ఉండిపోయింది.

వినయ్ కాఫీ కింద పెట్టాడు. "మామ్మగారూ, ఆ గుంపుల సంగతి మీకు ఇంకా ఎక్కడైనా అర్థం కాకుండా ఉందాండీ?"

జ్ఞానమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గుంపుల సంగతి నాకు పోయిన నెలే అర్థమైంది బాబూ. నీ సంగతే అర్థం కావటం లేదు. పిల్లనడగటానికి వచ్చావా, కాఫీ తాగిపోవటానికి వచ్చావా?"