కరిగిపోయిన గౌను

ఎస్తేరు సమాధుల తోట నుంచి ఇంటికొచ్చేసరికి వంటింటి పక్కన ద్రావణి సన్నగా మోగుతోంది. సాయంత్రమైతే కాకినాడలో ప్రతి ఇంట్లోనూ వినబడే మోతే అది. విడిచిన బట్టలు అందులో వేస్తే గోరువెచ్చని ఉప్పునీళ్లలో పంచదారలా కరిగిపోతాయి. ఆ ద్రావణం గొట్టాల వెంట ఊరిచివర మహాకుండానికి చేరుతుంది. తెల్లారేసరికి అక్కణ్ణుంచి తిరిగొచ్చిన సరుకుతో గోడలోని నేతపెట్టె కొత్తబట్టలు నేసి ఉంచుతుంది. పాతబట్ట అన్న మాటే వాడుకలోంచి పోయింది.

ఎస్తేరు మంచం మీద చూసింది, తలగడ కింద చూసింది.

"పాప గౌను ఏదండీ? పచ్చది. ఆస్పత్రికి వేసుకెళ్లినది. పొద్దున ఇక్కడే పెట్టాను."

భర్త దావీదు ద్రావణి వైపు చూశాడు.

"నీకంటే ముందే ఇంటికొచ్చి మంచం మీదున్నవి తీసి వేసేశాను. రోజూ వేసేవాణ్ణే కదా. చెయ్యి అలా పోయింది ఎస్తేరూ."

ఏడేళ్ల రూతుని ఆ మధ్యాహ్నమే మట్టిలో పెట్టి వచ్చారు. మెదడువాపు జ్వరం మాట్లాడే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ గౌను మీద దాని చెమట ఉంది, ఒళ్లో ఒంపుకున్న మామిడిరసం మరక ఉంది. ఎస్తేరు ద్రావణి మూత ఊడబెరికింది. లోపల తడి తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఆమె మహాకుండం దగ్గరికి వెళ్లింది. అక్కడి ఇంజనీరు నూర్జహాన్ ఆమెను కూర్చోబెట్టి అంతా విన్నది.

"మీ పాప గౌను ఎక్కడికీ పోలేదమ్మా. ఇందులోనే ఉంది. కానీ వేరుచేసి ఇవ్వలేను. ఎక్కడ చెంబు ముంచినా ఊరందరి బట్టలూ ఒకే పాళ్లలో ఉంటాయి. అడుగున ఎక్కువ, పైన తక్కువ అని ఉండదు."

ఎస్తేరుకి అది తెలియక కాదు. బడిలో సైన్సు చెప్పేది ఆమే. గ్లాసులో ఉప్పు కలిపి, కనబడకపోయినా ఉంటుంది పిల్లలూ, నీళ్లు ఇగిరిస్తే దొరుకుతుంది అని ఏటేటా చెబుతూనే ఉంది.

"ఇగిరిస్తే?" అని అడిగింది.

"పొడి మిగులుతుంది. అది ఎవరి ఒంటిమీద ఉండి వచ్చిందో ఆ పొడికి తెలియదు. వాసనలు, మరకలు ముందే తీసేస్తాం. మలినాలు కదా." అనేశాక నూర్జహాన్ నాలుక కరుచుకుని తలొంచుకుంది.

ఆ తర్వాత ఎస్తేరు భర్తతో మాట్లాడ్డం మానేసింది. అతను అన్నం పెడితే తినేది. పిలిస్తే పలికేది కాదు. అతను కూడా మనిషిలా లేడు. నేతపెట్టె నేసిన చొక్కాలు దొంతరగా పేరుకుపోతున్నా ముట్టుకోడు. ఒంటిమీదున్నదే. ఆ బట్టలు నాలుగు రోజుల కోసం నేసినవి కావు. చెమట ఉప్పుకే చంకల దగ్గర, మెడ దగ్గర కరిగి చిల్లులు పడ్డాయి.

ఆదివారం చర్చిలో పక్కవాళ్లు ముక్కు చిట్లించి బల్ల చివరకు జరిగారు. బయటికి రాగానే ఎస్తేరు నోరు తెరిచింది.

"పాప బట్ట దగ్గర చెయ్యి ఆగలేదు. మీ బట్ట దగ్గర మాత్రం ఆగిందా?"

దావీదు ఎడమ భుజాన్ని అరచేత్తో కప్పుకున్నాడు.

"ఆస్పత్రికి ఎత్తుకెళ్లేటప్పుడు దాని తల ఇక్కడే ఉంది. జొల్లు కారింది. ఆ వాసన ఇంకా ఉంది ఎస్తేరూ. ఎక్కడ విడిచినా మళ్లీ నా చెయ్యే తీసి అందులో వేసేస్తుందేమోనని భయం."

"మరి నాకు చెప్పలేదేం?"

"గౌను పోగొట్టినవాణ్ణి. నా దగ్గర ఇది మిగిలిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

చర్చి గోడ నీడలో ఎస్తేరు అతని చెయ్యి తొలగించి భుజానికి ముఖం ఆనించింది. చెమట కంపు కింద, ఎక్కడో అడుగున, కొబ్బరినూనె రాసిన జుట్టు వాసన. నిద్రలో నోరు తెరుచుకున్న పిల్ల వాసన. మట్టి వేసిన రోజు కూడా రాని ఏడుపు ఇప్పుడు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. దావీదు ఆమె తలమీద చెయ్యి వేశాడు.

చెంప కింద బట్ట జిగటగా జారింది. ఎస్తేరు కళ్లు తెరిచింది. కన్నీళ్లు పడినచోట పోగులు పలచబడి, కరిగి, అతని చర్మం కనిపిస్తోంది. గోరువెచ్చని ఉప్పునీళ్లే కదా అవీ.

దావీదు చూశాడు. చూసి కూడా ఆమెను ఆపలేదు.

ఆమే చటుక్కున ముఖం ఎత్తేసింది. కళ్లలోవి కిందికి రాలకుండా తల వెనక్కి వాల్చి, పళ్లు బిగించి, చాలాసేపు ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. భుజం మీద అరచేతంత గుడ్డ మిగిలింది.

ఆ ముక్కను కత్తిరించి గాజుసీసాలో పెట్టుకున్నారు. వాసన చూడాలనిపించినప్పుడు ఎస్తేరు కళ్లు ఆరేదాకా ఆగుతుంది. ఏడవాలనిపించినప్పుడు సీసా మూత బిగించి పక్కగదిలోకి వెళుతుంది. రెండూ ఒకేసారి చేసే వీలు ఆమెకు లేదు.