ఆపరేషన్ మదర్ కల్చర్

లిఫ్ట్ నాలుగో అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపలున్న మనిషి మాత్రం బయటికి రాలేదు.

చేతిలో గొడుగు, చంకలో పేపరు, ముఖం మీద చిన్న ఆశ్చర్యం. గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. మెడ వెనుక చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. "దిగుతారా, నన్ను ఎక్కమంటారా?" అని బయట నిలబడ్డ ఆవిడ విసుక్కుంది. రెండోసారి విసుక్కునేలోపు అతను ఆమె కాళ్ళ దగ్గర కుప్పకూలాడు.

పోయినవాడు సీక్రెట్ సర్వీస్ మనిషి. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పోస్ట్‌మాన్ అనేవారు. ఎక్కడి కబురైనా చేరవేసేవాడు. ఈసారి కబురు చేరింది, మనిషి చేరలేదు.

గంట తిరక్కముందే చీఫ్ గదిలో ఏజెంట్ మిడత నిలబడి ఉన్నాడు. ఆ పేరు అతనికి ట్రైనింగ్‌లో పడింది. ఎక్కడ వాలతాడో, ఎప్పుడు ఎగురుతాడో తెలియదని. చీఫ్ మాటలు పొదుపుగా వాడతాడు. పొగడ్తలైతే అసలు వాడడు.

"పోస్ట్‌మాన్ చచ్చేముందు ఫోన్‌లో రెండు మాటలు చెప్పాడు. నకిలీ తయారైంది. లేబ్‌లో వాళ్ళ మనిషి ఉన్నాడు."

"ఏ లేబ్ సార్?"

చీఫ్ రిమోట్ నొక్కాడు. తెర మీద ఒక గాజు ఫ్లాస్క్, అందులో గోధుమరంగు ద్రవం. "ఇదేంటో చెప్పు."

"చల్లారిపోయిన కాఫీలా ఉంది."

"దేశం తినబోయే తిండి. ఇందులో ఉన్నవి మట్టిలో బతికే సూక్ష్మజీవులు. విత్తనానికి పట్టించి నాటితే వేళ్ళ చుట్టూ కాపురం పెడతాయి. మొక్కకి నత్రజని, భాస్వరం అందిస్తాయి. బదులుగా మొక్క పెట్టింది తిని, అందులోని కార్బన్‌ని నేలలోనే దాచేస్తాయి. ఎరువు తగ్గుతుంది, పంట పెరుగుతుంది, గాలిలో కలవాల్సిన కార్బన్ మట్టిలో పడుకుంటుంది."

"మరి నకిలీ?"

"మైక్రోస్కోప్‌లో చూసినా కవలపిల్లలే. మొదటి పంట బ్రహ్మాండంగా పండుతుంది. ఎందుకంటే నేలలో తరతరాలుగా దాగున్న కార్బన్‌ని తోడి మొక్కకి పెట్టేస్తుంది. ఇల్లు అమ్మి విందు చేసినట్టు. రెండో పంటకి మన్ను కాదు, బూడిద. అప్పుడు విదేశీ ముఠా మందు పట్టుకుని దిగుతుంది. ఇక జన్మంతా ఆ మందు కొనుక్కుంటూ బతకాలి."

లేబ్‌లో మిగిలింది ఒక్క ఫ్లాస్క్ మదర్ కల్చర్, మిగతాదంతా పుట్టాల్సిన తల్లి ద్రవం. కిందటి నెల ఫ్రీజర్ చెడిపోయి దాచిన నమూనాలన్నీ పాడైపోయాయి. ఎల్లుండి పొద్దున ఆ ఫ్లాస్క్‌ని సూక్ష్మజీవుల్ని కోట్లలో పెంచే పెద్ద ఫెర్మెంటర్‌లోకి ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి ప్రతి విత్తన కేంద్రానికీ వెళుతుంది. నకిలీ అందులో పడిందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఆ కల్చర్ తయారుచేసిన సైంటిస్టు..." అన్నాడు చీఫ్.

"మా బావ."

"అందుకే నువ్వు."

"పంటల్ని కాపాడటానికి మిడతని పంపుతున్నారు సార్!"

చీఫ్ నవ్వలేదు.

మర్నాడు ఉదయం లేబ్‌లో ఓ ముసలి అటెండర్ డ్యూటీలో చేరాడు. నెరిసిన విగ్గు, అతికించిన మీసం, దళసరి కళ్ళద్దాలు, అందులో కెమెరా. చెవిలో గింజంత ఇయర్‌పీస్. జేబులో మత్తు సూదులు పేల్చే పెన్ను. అతనెవరో తెలిసింది బావకొక్కడికే. గది తలుపు మూయగానే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆ మీసం నీకు మీ తాత దగ్గర్నించి వచ్చిందిరా!"

"మెల్లగా బావా. గోడలకి చెవులుంటాయి."

"ఇక్కడి గోడలకి ఉన్నది బూజే."

మిడతకి అమ్మానాన్న ఫోటోల్లోనే తెలుసు. పెంచింది అక్కా బావా. వాళ్ళకి పిల్లల్లేరు, ఆ లోటు తెలియకుండా వీడు అల్లరి చేశాడు. సైకిల్ నేర్పింది బావ. మొదటిసారి గడ్డం గీసింది బావ. మట్టిని పిడికిట్లో నలిపి వాసన చూసి "ఇది బతికే ఉందిరా" అని చెప్పే మనిషి. లోకంలో ఎవర్నీ నమ్మకపోవడం మిడత ఉద్యోగం. ఉద్యోగం అయ్యాక నమ్మడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా, ఆ మనిషి బావ.

వేషం పట్టుబడకుండా బావ అతనికి పని నేర్పాడు. బర్నర్ వెలిగించి, ఫ్లాస్క్ దూది బిరడా తీసి, దాని మూతిని మంట మీద ఇటూ అటూ తిప్పాడు.

"లోపలున్నవాళ్ళు మనవాళ్ళు. గాలిలో తిరిగే క్రిములు దొంగలు. గుమ్మంలో నిప్పు పెడితే దొంగ లోపలికి రాడు. ఇది మర్చిపోయావంటే చెయ్యి విరగ్గొడతా."

పక్కనే పాడైపోయిన ఫ్లాస్కులు అరడజను దాకా ఉన్నాయి. బావ వాటిని ఒక్కొక్కటే విప్పి బ్లీచ్ బకెట్‌లో గుమ్మరించాడు.

"వీటికి నిప్పు చూపించవా?"

"పారబోసేదానికి ఎవడు చూపిస్తాడ్రా? గ్యాస్ దండగ."

సాయంత్రం మిడత ఊరి మధ్యలో ఉన్న ఒక డ్రై క్లీనింగ్ షాపుకి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, దారిన పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత అందం. కోడ్ పేరు మొగలిపువ్వు. ముఠాలో పనిచేస్తూ మన సర్వీస్‌కి కబుర్లు అందిస్తుంది. లేదా మన సర్వీస్‌లో ఉంటూ ముఠాకి అందిస్తుంది. ఎటువైపు మనిషో ఆమె చెప్పినప్పుడల్లా నమ్మాలనిపిస్తుంది, అదే చిక్కు.

"వాన వెలిసిందా?" అంది.

"గొడుగింకా మడవలేదు," అన్నాడు మిడత.

ఆమె కోటు కవరొకటి కౌంటర్ మీదుగా జరిపింది. లోపల కోటు లేదు, ఒక ఫ్లాస్క్ ఉంది. "నకిలీ. లేబ్ కోల్డ్ రూమ్‌లో కింది అరలో పెట్టి రమ్మన్నారు. అక్కణ్ణుంచి వాళ్ళ మనిషి తీసుకుంటాడట. ఎవరో నాకు తెలీదు."

"తెలీదా, చెప్పవా?"

"మొగలిపొదలో పాముంటుందని మీ అనుమానం. ఉంటుంది. కానీ మిడతగారూ, పాము ఎప్పుడూ పొదలోనే ఉండదు. ఒక్కోసారి పక్కలో కూడా ఉంటుంది. దీన్ని ఎవరికీ ఇవ్వకండి."

"మా బావకిస్తాను. రెంటికీ తేడా తేల్చగలవాడు ఆయనొక్కడే."

ఆమె అతన్ని కాసేపు చూసింది. ఆ చూపులో ఎగతాళి ఉన్నా బాగుండేది. జాలి ఉంది. మిడతకి ఒళ్ళు మండింది.

బయటికి రాగానే ఇయర్‌పీస్‌లో చీఫ్‌కి విషయం చెప్పాడు. "నీకెవరి మీద నమ్మకముంటే వాళ్ళకే ఇవ్వు," అన్నాడు చీఫ్. ఆ గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం. పని ఒత్తిడిలో మిడత దాన్ని పట్టించుకోలేదు.

రాత్రే మిడత నకిలీని బావకి అప్పగించాడు. తెల్లవారింది. ఫెర్మెంటర్ గదిలో బావా బామ్మర్దీ ఇద్దరే. రెండంతస్తుల ఎత్తు స్టీలు ట్యాంకు, దాని నడుముకి సిలికాన్ గొట్టం, గొట్టం మధ్యలో పంపు, చివర ఖాళీ సీసా. బల్ల మీద రెండు ఫ్లాస్కులు, బర్నర్, బ్లీచ్ బకెట్.

"రంగు పరీక్ష చేశాను," అన్నాడు బావ. "తేలిపోయింది. ఆ తలుపు గట్టిగా వేసి రా, గాలి కొడుతోంది."

మిడత తలుపు వేసి వచ్చేసరికి ఒక ఫ్లాస్క్‌కి పచ్చ టేపు, రెండోదానికి ఎర్ర టేపు అంటించి ఉన్నాయి.

"పచ్చది మనది. ఎర్రది దొంగది."

బావ పచ్చ టేపు ఫ్లాస్క్ విప్పాడు, మూతి మంటకి చూపించాడు, సీసాలో వంచి మూత బిగించి పంపు స్విచ్ నొక్కాడు. పంపు గురక పెట్టింది. గోధుమరంగు ద్రవం గొట్టంలో పాకడం మొదలుపెట్టింది. గొట్టం పొడుగు, పంపు నెమ్మది.

"ఇక దీని పని చూద్దాం," అంటూ బావ ఎర్ర టేపు ఫ్లాస్క్ అందుకుని బకెట్ వైపు తిరిగాడు. దూది బిరడా తీశాడు. తీయగానే అతని చెయ్యి బర్నర్ దగ్గరికి వెళ్ళింది. ఫ్లాస్క్ మూతిని మంట మీద ఇటూ అటూ తిప్పింది. ఎంతో నెమ్మదిగా, చంటిపిల్లకి స్నానం చేయించినట్టు.

మిడత ఒక అడుగు ముందుకేశాడు.

"బావా."

"ఊఁ."

"చెత్తకి నిప్పెందుకు చూపించావు?"

బావ తన చేతికేసి చూసుకున్నాడు. అది ఎవరిదో అన్నట్టు. "అలవాటురా."

"నిన్న అరడజను పారబోశావు. ఒక్కదానికీ చూపించలేదు."

బావ మొహంలో నవ్వు ఉన్నపళంగా ఆరిపోయింది. ఇన్నేళ్ళూ ఆ ఫ్లాస్క్‌ని నిప్పు చూపించకుండా ఒక్కసారీ విప్పని చెయ్యి, చంపబోతూ కూడా దానికి కాపలా కాసింది. మనసు అమ్ముడుపోయింది గానీ చెయ్యి అమ్ముడుపోలేదు.

మరుక్షణం బావ ఫ్లాస్క్‌ని బకెట్‌లోకి వంచాడు.

మిడత పెన్ను లాగి నొక్కాడు. సూది రాలేదు, సిరా కారింది. పెన్ను పారేసి ఎగిరి దూకాడు. నాలుగు చుక్కలు బ్లీచ్‌లో పడ్డాయి. ఫ్లాస్క్ కుడిచేతికి దొరికింది. ఎడమచేతికి బావ మణికట్టు దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎర్రది అసలైతే గొట్టంలో పాకుతున్నది నకిలీ. ద్రవం అప్పటికే ట్యాంకుకి జానెడు దూరంలో ఉంది. స్విచ్ గది అవతలి కొసన. మూడో చెయ్యి దేవుడివ్వలేదు.

మెడ చాచి సిలికాన్ గొట్టాన్ని పళ్ళతో కరిచి పట్టాడు.

పంపు గింజుకుంది. గొట్టం ఉబ్బింది. ద్రవం వేలెడు దూరంలో ఆగి వణికింది. దేశ భద్రత మొత్తం రెండు దవడల మీద ఆధారపడి ఉంది, కేకేద్దామంటే నోరు ఖాళీ లేదు. బావ కావాలంటే ఒక్క గుద్దు గుద్దొచ్చు. గుద్దలేదు. చిన్నప్పుడు జ్వరంతో పడుకున్నవాణ్ణి చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపుకే మిడత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తలుపు దభాలున తెరుచుకుంది. తెల్లకోటు, చేతిలో పిస్టల్, మొగలిపువ్వు. గోడ దగ్గర ప్లగ్ పీకేసింది. పంపు ఆగింది.

"ఇక వదలండి మిడతగారూ. పళ్ళు అరిగిపోతాయి."

ఆమె గొట్టానికి క్లిప్పు బిగించింది. కళ్ళద్దాల కెమెరాలో చూసి చీఫే ఆమెను లోపలికి పంపాడు. మిడత ఫ్లాస్క్‌కి బిరడా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఎందుకు బావా?"

"ఇక్కడ నేనెవర్నిరా? మట్టి పిసుక్కునేవాణ్ణి. ఎన్నిసార్లు ప్రాజెక్టు మూసేస్తామన్నారో నీకు తెలుసు. వాళ్ళు విదేశంలో నాకు లేబ్ కట్టారు, బోర్డు మీద నా పేరు. ఒక్కటే షరతు, ఈ కల్చర్ ఇక్కడ మిగలకూడదు."

"ఫ్రీజర్ చెడగొట్టింది నువ్వే."

అవునన్నట్టు బావ బర్నర్ ఆర్పేశాడు.

"పోస్ట్‌మాన్‌ని?"

"అది వాళ్ళు చేశారు. నాకు తెలీదు."

"అతనెవరో వాళ్ళకి నువ్వు చెప్తేనే కదా తెలిసింది! మా డిపార్ట్‌మెంట్ బయట ఇంకెవరికీ తెలీని మనిషి. ఇంట్లో, నిన్ను నమ్మి చెప్పాను. మరి నన్నెందుకు రానిచ్చావు?"

"నువ్వైతే పట్టుకోలేవనుకున్నా. నువ్వెప్పుడూ నా మొహమే చూసేవాడివి, చేతులు చూసేవాడివి కాదు."

బావ లోపలి జేబులోంచి వేలెడు గాజు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. తనతో పట్టుకుపోదామని దాచుకున్న నమూనా. "ఎండ తగలనివ్వకండి. విప్పేటప్పుడు..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తిచేసే హక్కు తనకి లేదని అతనికే తోచినట్టుంది. గార్డులు వచ్చి అతన్ని తీసుకెళ్ళారు.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "బాగా చేశావు."

ఆయన పొగడటం అదే మొదటిసారి. మిడతకి అంతా అర్థమైపోయింది.

"మీకు తెలుసు."

"పోస్ట్‌మాన్ చెప్పింది రెండు మాటలు కాదు, మూడు. మూడోది మీ బావ పేరు. రుజువు లేదు. ఇంకెవర్ని పంపినా ఆయన జాగ్రత్తపడేవాడు."

"నాకైనా చెప్పొచ్చుగా సార్."

"చెప్తే నీ మొహం చూసి కనిపెట్టేవాడు. పెంచినవాడు కదా."

మిడత ఇయర్‌పీస్ పీకి బ్లీచ్ బకెట్‌లో పడేశాడు. నమ్మినవాడు నట్టేట ముంచాడు, పంపినవాడు ఎరగా కట్టాడు. తీరా నిజం చెప్పింది ఎవరంటే, నిన్నటిదాకా తను అనుమానించిన మనిషి. ఆమె ఓ గ్లాసు మంచినీళ్ళు అందించింది. నోరంతా రబ్బరు వాసన.

గొట్టం, సీసా మార్చి, మధ్యాహ్నానికల్లా అసలు కల్చర్ ఫెర్మెంటర్‌లోకి ఎక్కించారు. జూనియర్ సైంటిస్టు ఒకమ్మాయి ఫ్లాస్క్ మూతిని మంటకి చూపిస్తుంటే మిడత గది బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

విగ్గూ మీసమూ తీసేసి అతను నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క తలుపు తీసి అతని భుజం మీదుగా మెట్లకేసి చూసింది.

"ఏరా, నువ్వొక్కడివేనా? మీ బావేడీ?"

అక్క లెక్కలో తమ్ముడు ఇన్సూరెన్స్ కంపెనీలో గుమస్తా. ఎన్నో దేశాల పోలీసుల ముందు కళ్ళార్పకుండా అబద్ధాలాడిన మనిషికి, గుమ్మంలో ఒక్క అబద్ధం దొరకలేదు.

"మా ఆఫీసులో ఉన్నాడక్కా."

"మీ ఆఫీసులోనా!" అక్క ముఖం వెలిగిపోయింది. "హమ్మయ్య! పాలసీ తీసుకోండని ఇన్నేళ్ళూ పోరుపెడితే చెవిన పెట్టలేదు. ఇంతకీ సంతకం పెట్టాడా?"

"పెడతాడక్కా," అన్నాడు మిడత చెప్పులు విడుస్తూ. "మా ఆఫీసులో సంతకం పెట్టేదాకా ఎవర్నీ కుర్చీలోంచి లేవనివ్వరు."