నూట పన్నెండో రాయి దగ్గర ఊట

గోదారి కట్ట కావలి మూడో నడకలో నూట పన్నెండో రాయి దాటగానే వీరమణి ఆగిపోయింది. కట్ట అడుగున, గోదారి లేని వైపు, గడ్డిలోంచి నీళ్లు ఉబుకుతున్నాయి. వరద రోజుల్లో ఊట మామూలే, తేటగా వస్తే భయం లేదు. దోసిలి పట్టి చూసింది. బురద నీళ్లు. వేళ్ల సందుల్లోంచి కారిపోయాక అరచేతిలో చిటికెడు ఇసుక మిగిలింది. అంటే కట్ట లోలోపలే కరిగిపోతోంది!

కట్ట కింద కాలనీలో నాలుగు వందల ఇళ్లు. అందులో ఒక ఇంట్లో ఆమె చెల్లెలు పద్మావతి, తొమ్మిది రోజుల బాలింత.

మణికట్టు మీది పలుకుపట్టీని నోటి దగ్గర పెట్టుకుంది.

"నూట పన్నెండో రాయి. బురద ఊట. కాలనీ ఖాళీ చేయించాలి."

"నలభై కట్టకళ్లూ చూశాయి. తేడా లేదు," అంది పట్టీ, కొత్త కోడలంత మర్యాదగా. "మీ నివేదిక నిరాధారం."

"నీ మొహం మండ! ఆ యంత్రాల కళ్లన్నీ కట్ట నెత్తిన పాతారు. ఊట అడుగున వస్తోంది."

"అభ్యంతరం నమోదైంది. ఏడు పనిదినాల్లో జవాబు వస్తుంది."

ఏడు రోజులట! అప్పటికి ఆ జవాబు వినడానికి ఎవడు మిగులుతాడు? వీరమణికి ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లుగా ఈ కట్ట మీద తిరిగిన మనిషి మాట చెల్లదు గానీ, గుచ్చి వదిలేసిన కళ్ల మాట చెల్లుతుంది. పట్టీ ఆధారం అడక్కుండా నమ్మేది మణికట్టు నాడి ఒక్కదాన్నే. నడకమనిషి నాడి ఆగితే పది నిమిషాల్లో అధికారే స్వయంగా గాలిపడవలో దిగాలి. అధికారి నాడే ఆగితే కట్ట పొడవునా సైరన్లు మోగుతాయి. నాడి ఆగినట్టు బూటకం ఆడితే మాత్రం ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడా.

"పోతే పోయింది వెధవ ఉద్యోగం!"

పట్టీ ఊడబెరికి ఊటలోకి విసిరేసింది. కొంగు నడుముకు బిగించి, రాయి పక్కనున్న ఇసుక బస్తాలు లాక్కొచ్చి ఊట చుట్టూ పేర్చసాగింది.

గాలిపడవ దిగింది. శవం కోసం పరుగెత్తుకొచ్చిన అధికారి, ఇంజనీరు తారకేశం, బస్తా మోస్తున్న శవాన్ని చూసి నోరు తెరిచాడు.

"బతికే ఉన్నావా! దీనికి శిక్షేంటో తెలుసా నీకు?"

"తెలుసండి. ఎక్కడ కావాలంటే అక్కడ వేలిముద్ర వేస్తాను. ముందు జోళ్లు విప్పి ఇలా దిగండి."

"తెర మీద అంతా బాగానే ఉంది కదమ్మా..."

"తెరకి కాళ్లు లేవండి. మీకున్నాయి. దిగండి!"

దిగాడు. మోకాళ్ల దాకా దిగబడ్డాడు. పాదాల కింద ఇసుక జారిపోతుంటే ఆయన ముఖం పాలిపోయింది. గబగబా తన పట్టీతో కాలనీ ఖాళీ చేయించమన్నాడు.

"కట్టకళ్లు తేడా చూపడం లేదు," అంది పట్టీ. "మీ ఆధారం?"

"నేను నిలబడ్డానే ఇక్కడ!"

"ఆ ఆధారం జాబితాలో లేదు."

వీరమణి బురదచెయ్యి చాపింది.

"ఆ పట్టీ ఇలా ఇచ్చెయ్యండి సార్."

"ఇంకో రెండేళ్లలో రిటైరవుతానమ్మా..."

"కింద నా చెల్లెలు లేచి నడవలేదండి. మీరు ఇవ్వకపోతే నేనే లాక్కుంటాను."

ఆయన ఒకసారి కాలనీ వైపు చూశాడు. పట్టీ విప్పి తానే ఊటలోకి విసిరాడు.

కట్ట పొడవునా సైరన్లు గొల్లుమన్నాయి. తలుపులు తెరుచుకున్నాయి. జనం తుపాను మేడ వైపు పరుగు తీశారు. దుప్పటి కప్పుకున్న ఒక మనిషిని ఇద్దరు మంచంతో సహా ఎత్తుకున్నారు. ఆ మనిషి గుండెల మీద చిన్న మూట ఉంది. వీరమణి కళ్లు తుడుచుకుంది.

"చూస్తారేంటండీ, మనిద్దరం చచ్చిపోయాం కదా, ఇక మనల్ని అడిగేవాడెవడు?" అంటూ బస్తా రెండో కొస ఆయన చేతికిచ్చింది. "పట్టండి."